ఎండలో పడుకున్న దొరసాని

కొత్త రాష్ట్రం వచ్చిన తొలి ఏళ్లలో మా హాలియా వైపు విత్తనాలు, పురుగుమందులు అమ్మే దుకాణదారులకు ఫారిన్ గాలి తగిలింది. అమ్మకాలు బాగా చేసినవాళ్లను కంపెనీలే విమానం ఎక్కించి తిప్పుకొచ్చేవి. ఆ రోజుల్లో నేను డిగ్రీ అయిపోయి, ఉద్యోగం దొరికేదాకా అని అందరికీ చెప్పుకుంటూ, మా మేనమామ దుకాణంలో బస్తాలు మోయించేవాణ్ణి (హమాలీలు రాని రోజు మోసేవాణ్ణి). యాసంగి పంటల కాలం ముగిసేసరికి ఒంట్లో ఏ ఎముకకు ఆ ఎముక విడిగా నొప్పెట్టేది. ఆ ఏడు మామకు గ్రీసు దేశంలోని ఒక దీవికి పిలుపొచ్చింది. అత్తమ్మ విమానమంటే భయమనడంతో ఆమె బదులు నేను తేలాను. “నీకు ఇంగ్లీషు వస్తది గద అల్లుడా, నాకు జర తోడుండు” అన్నాడు మామ. నాకు కావలసింది ఒక్కటే. పుట్టి బుద్ధెరిగాక నేను చూసిన పెద్ద నీళ్లు సాగర్ కాలువ. ఒక్కసారి సముద్రంలో మెడలోతు దిగి, ఎవరూ నన్ను పిలవని చోట కాసేపు ఊరికే నిలబడాలి. అంతే.

హాలియా మే నెల ఎండ తప్పించుకుని వెళ్తే అక్కడా ఎండే. పైగా తోటి దుకాణదారులందరికీ ఇంగ్లీషు నేనే. “తమ్మీ, పెరుగున్నదేమో అడుగు.” “తమ్మీ, గీ కూరల ఏమేసిండ్రో అడుగు.” కొండ మీది తెల్లటి ఇళ్లు చూపిస్తామని మెట్లెక్కించారు. ఎక్కీ ఎక్కీ పైకి చేరాక ఒక పెద్దాయన ఆయాసపడుతూ “మనూర్ల సున్నమేసిన ఇండ్లు గిట్లనే ఉంటయి గద, గీటికోసం ఇంత దూరం రావాల్నా?” అన్నాడు. రాత్రి పక్క మీద వాలితే చాలు, మామ గురక. సెలవంటే ఇంత చాకిరీ ఉంటుందని నాకు తెలియదు.

ఆఖరి రోజు, సాయంత్రం పడవ ఎక్కేదాకా ఎవరిష్టం వాళ్లదన్నారు. అందరూ బజారుకు పోయారు. నేను మామను ఒడ్డున గొడుగు కింద కూర్చోబెట్టి, చొక్కా విప్పి నీళ్లలోకి నడిచాను. చల్లగా, తేటగా మోకాళ్లదాకా వచ్చాయి. ఇంకో నాలుగడుగులు వేసేలోపే వెనక నుంచి కేక. “అల్లుడా! ఉరికి రా! ఈడ మనిషి పడిపోయింది!”

చూద్దును గదా, ఎర్రటి ఎండలో చాప మీద ఒక ముసలి దొరసాని కళ్లు మూసుకుని పడుకుని ఉంది. ఒళ్లంతా కమిలిపోయింది. మామ తన తువ్వాలను సముద్రపు నీళ్లలో ముంచి, పిండకుండానే ఆమె నెత్తిన కప్పేశాడు. జేబులోంచి ఉల్లిగడ్డ తీసి ముక్కు దగ్గర పెట్టాడు (ఎండాకాలం జేబులో ఉల్లిగడ్డ లేకుండా మామ ఇల్లు కదలడు, గ్రీసుకూ తెచ్చుకున్నాడు). ఆమె కెవ్వుమని లేచి కూర్చుంది. “తెలివొచ్చింది అల్లుడా, తెలివొచ్చింది!” అని మామ ఆకాశానికి దండం పెట్టాడు. చుట్టూ జనం మూగారు. ఈల ఊదుకుంటూ కావలివాడొచ్చాడు.

“ఆమెకేం కాలె మామా. వీళ్లు కావాల్ననే ఎండల పండుకుంటరు.”

“కావాల్నని ఎవలన్న పండుకుంటరా? నువ్వు మంచిగ అడుగు.”

దొరసాని ఉప్పునీళ్లకు మండుతున్న కళ్లు తుడుచుకుంటూ, ఈయనకేమైందని నన్నడిగింది. క్షమించమని ఊరుకుంటే సరిపోయేది. ఎందుకో ఉన్నది చెప్పాను. మామకొక తమ్ముడుండేవాడు. ఒక మే నెలలో పత్తికట్టె పీకుతూ వడదెబ్బకు చేనులోనే పడిపోయాడు. దారిన పోతున్న మామ చూశాడు. అలసి పండుకున్నాడులే అనుకుని, లేపకుండా సాగిపోయాడు. దవాఖానకు తీసుకుపోయేసరికి ప్రాణం మిగల్లేదు. వచ్చీరాని ఇంగ్లీషులో ఇదంతా ఎంత చెప్పానో, ఆమెకెంత అర్థమైందో. మామను కాసేపు చూసింది. తర్వాత చాప చుట్టుకుని వచ్చి మా గొడుగు నీడలో పరుచుకుంది. మామ ఇచ్చిన ఉల్లిగడ్డను మర్యాదగా సంచిలో వేసుకుని నిద్రపోయింది.

నేను నీళ్ల వైపు పోదామని మెల్లగా లేచాను. “ఏడికి? కూసో. ఆమె లేసి ఏమన్న అడిగితే నాకు తెల్వది” అన్నాడు మామ. కూర్చున్నాను. నీడ జరిగినప్పుడల్లా ఇద్దరం గొడుగు జరుపుతూ వచ్చాం. ఎదురుగా సముద్రం తళతళలాడుతూనే ఉంది. పడవకు వేళైంది. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది.

ఇప్పుడు దుకాణం నేనే నడుపుతున్నాను. సముద్రం మళ్లీ చూడలేదు. మామ రోజూ వచ్చి గల్లాపెట్టె పక్కన కూర్చుంటాడు. ఎండలు ముదిరితే చాలు, “గా దొరసాని నీడపట్టున ఉంటాందో లేదో” అంటాడు. మొదట్లో విసుక్కునేవాణ్ణి. ఈ మధ్య “ఉంటది మామా, నువ్వు చెప్పినవ్ గద” అంటున్నాను. మొన్నొక మధ్యాహ్నం ఆయన కుర్చీలోనే కళ్లు మూసుకున్నాడు. ఫ్యాను కిందే ఉన్నాడు, పక్కన మంచినీళ్లూ ఉన్నాయి. నాకు చేతినిండా పని. అయినా లెక్క సగంలో వదిలేసి, వెళ్లి భుజం పట్టి గట్టిగా ఊపాను.

“ఏందిరా, జర కన్నంటుకోనియ్యవా?” అని కసిరాడు.

“ఏం లేదు మామా, పండుకో” అన్నాను.