ఎర్ర పోయేదాకా ముట్టని గోడ

కొత్తగా గిలాబు చేసిన గోడకు, అంటే సున్నమూ ఇసుకా కలిపి మెత్తిన గోడకు, తొందరపడి రంగు వేస్తే ఊడిపోతుంది. ఇందులో తెలుసుకోవడానికి ఇంకేమీ లేదు. అయినా జనం వినరు.

పందొమ్మిది వందల యాభైలలో నేను పాతబస్తీలో రంగులు వేసే ఒక ఉస్తాద్ దగ్గర పనిచేశాను. నాలుగేళ్లు సున్నం జల్లించాను, గోడలు గీకాను. కుంచె మాత్రం ముట్టనివ్వలేదు. ఐదో ఏట ఒక గాజుల సేటు కట్టించిన మేడగది నా ఒక్కడికే అప్పజెప్పాడు.

“రంగు నిలిస్తే కుంచె నీది బేటా. ఊడిందనుకో, మళ్ల సున్నం కాడికే. ఇగ నన్ను అడగకు.”

గిలాబు చేసి అప్పటికి పది రోజులు. చెయ్యి పెడితే గోడ పొడిగానే ఉంది. చేతిని నమ్మకూడదు. పైన ఆరినా లోపల సున్నం పచ్చిగా ఉంటుంది. సున్నపు పూతయితే పచ్చిగోడ ఓర్చుకుంటుంది. సేటు కోరింది జిగురు కలిపిన నీలం. దానికి ఉస్తాద్ నేర్పిన పరీక్ష పసుపు. తడి పసుపు బొట్టు పచ్చి సున్నం మీద ఎర్రబడుతుంది, ముదిరిన సున్నం మీద పసుపుగానే ఉంటుంది. ఇది నేను పుస్తకంలో చదవలేదు. అప్పటికి నాకు అక్షరాలే రావు.

సేటుకు శుక్రవారంలోగా గది తయారు కావాలి. బజారు పెద్దలు భోజనానికి వస్తున్నారు. సోమవారం సాయంత్రం నాలుగు మూలలా బొట్లు పెట్టాను. పెట్టినవి పెట్టినట్టే ఎర్రబడ్డాయి. సేటు దుకాణంలో ఉండటంతో, బొట్ల సంగతి ఆయనకు చెప్పకుండానే ఇంటికి పోయాను. అది నా తప్పు.

పొద్దున వచ్చేసరికి గల్లీ నిండా జనం. సేటు మేడగది మెట్ల మీద నిలబడి అరుస్తున్నాడు.

“బాణామతి! నా ఇంట్ల బాణామతి చేసిండ్రు! మూలమూలకు నెత్తురు!”

చేసిందెవరో కూడా ఆయనకు అప్పటికే తెలిసిపోయింది. ఎదురు గాజుల దుకాణం ఆయన. ఆ మనిషి నోట్లో వేపపుల్లతో గుంపులోనే ఉన్నాడు.

“నాకంత తీరిక యాడిది సేటూ? నా గిరాకీ చూసుకోవాల్నా, నీ గోడ చూసుకోవాల్నా?”

“అది పసుపు సేటూ, నేనే పెట్టిన,” అన్నాను.

“పసుపు ఎర్రగుంటదారా? నన్ను పాగల్ అనుకున్నవా? వాడు ఏమిస్తనన్నడు నీకు?”

అని నా చొక్కా గల్లా పట్టుకున్నాడు. ఈ లొల్లికి ఆయన తల్లి పైకి వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి, మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఆయన గల్లా వదల్లేదు. ఆమె గదిలోకి పోయి ఒక మూల మరకను గోటితో గీకి, వాసన చూసి, మళ్లీ మెట్ల మీదికి వచ్చింది.

“ఓరి పిచ్చోడా, నీ పెండ్లిల నీ పెండ్లాం కాళ్లకు పారాణి ఏంతోని పెట్టినమనుకున్నవురా? పసుపు, సున్నమే గద. ఇడువు పోరన్ని.”

వదిలాడు. గల్లీ అంతా నవ్వింది. ఎదురు దుకాణం ఆయన పుల్ల తీసి మరీ నవ్వాడు. సేటుకు ఆ కోపం కూడా నా మీదే వచ్చింది.

“పసుపైతే పసుపే. శుక్రవారం లోపట రంగు పడాలె.”

“పడదు సేటూ.”

“నేను చెప్తున్న.”

“మీరు చెప్తే నేను ఇంట. గోడ ఇనదు గద.”

తల్లి అందుకుంది. “పారాణి ఆరకముందే పిల్లను నడిపిస్తమా? ఎర్ర పోయేదాంక ఆ గోడ ఎవ్వలు ముట్టద్దు.”

శుక్రవారం బజారు పెద్దలు రంగులేని గదిలోనే తిన్నారు. అందరూ నెత్తురు మరకలు చూపించమన్నారు. సేటు చూపించాడు.

ఆ తర్వాత మూడు రోజులకొకసారి కొత్త బొట్టు పెట్టేవాళ్లం. పసుపు ఆ ముసలామెదే, వేలు కూడా ఆమెదే. గిలాబు చేసిన నలభయ్యో రోజున బొట్టు పసుపుగానే నిలిచింది. ఇటుక ముక్కతో గోడ రుద్ది, దుమ్ము దులిపి, పలుచని జిగురునీళ్లు పట్టించి, రెండు చేతులు, అంటే రెండు పూతలు, నీలం వేశాను.

వానలు వెళ్లాక ఉస్తాద్ వచ్చాడు. గోటితో గీకాడు. భుజం మీది తువ్వాలు తడిపి తుడిచాడు. తువ్వాలు తెల్లగానే ఉంది.

“ఎన్ని రోజులాగినవ్?”

“నలభై.”

“నేనైతే ఆ సేటు లొల్లికి పదిహేనుకే ఏస్తుంటి. ఊడుతుండె.”

గదిని ఇంకోసారి చుట్టి చూశాడు.

“రేపు మాదన్నపేటల ఒక ఇల్లుంది. నువ్వే పో. నేను రాను.”

ఆయన నన్ను మెచ్చుకోవడం అంతటితో అయిపోయింది.