దండెం మీద వ్యాసం

పదో తరగతి గదిలో కిటికీ ఊచ నుంచి ఎదుటి గోడ మేకు దాకా ఒక నైలాను తాడు ఉండేది. ఏడేళ్ళుగా ఉంది. దాని మీద బట్టలకు పెట్టే క్లిప్పులతో కాగితాలు వేలాడుతుండేవి. ఆ తాడు వల్లే సాహిత్యం చెప్పే ఆవిడకి 'దండెం టీచర్' అని పేరు పడింది. పిల్లలు చాటుగా పెట్టుకున్న పేరే గానీ, ఒకసారి మీటింగులో హెడ్మాస్టరు కూడా నోరు జారి అలాగే పిలిచేశాడు.

ఆవేళ పొద్దున్నే ఆ తాడు విప్పించేశారు.

సంగతి ఇదీ. పోయిన నెల పరీక్షలో ఒక కథ ఇచ్చి, దాన్ని విశ్లేషిస్తూ వ్యాసం రాయమన్నారు. ఈ తరగతిలో రాసినవాళ్ళు పంతొమ్మిది మంది. పంతొమ్మిది వ్యాసాలూ ఒకే వాక్యంతో మొదలయ్యాయి. "ఈ కథలో పైకి కనిపించేది ఒకటి, అడుగున కదిలేది మరొకటి." అచ్చు గుద్దినట్టు, కామాతో సహా. దిద్దినవాళ్ళు 'కాపీ' అని రాసి ఫలితాలు ఆపేశారు. ఇప్పుడు పైఆఫీసు నుంచి వచ్చిన పరీక్షకురాలి కళ్ళెదుట, కొత్త కథ మీద, గంటన్నరలో మళ్ళీ రాయాలి. అనుమానం నిజమని తేలితే పంతొమ్మిది మందికీ ఏడాది పోయినట్టే.

ఆ వాక్యం టీచరుదే. మొదలుపెట్టడం చేతగాక పెన్ను కొరుక్కునే పిల్లల కోసం, నమూనాగా రాసి దండెం మొదట్లో తగిలించింది. తగిలించి మరిచిపోయింది.

ఆవిడ ఈ పనికి చదువుకుని వచ్చింది కాదు. ఆ బళ్ళోనే లైబ్రరీ చూసుకునేది. పాఠం చెప్పే ఆయన మధ్యలో మానేస్తే, వేరే మనిషి దొరికేదాకా అని కూర్చోబెట్టారు. వేరే మనిషి దొరకలేదు. మొదటి ఏడాది ఆవిడకి చుక్కలు కనబడ్డాయి. కథ చెప్పమంటే పిల్లలు గడగడా చెప్పేవాళ్ళు, కథ గురించి చెప్పమంటే కళ్ళు తేలేసేవాళ్ళు. ఒక ఆదివారం భర్త లాండ్రీలో కూర్చుని ఉంటే, ఆయన తడి బట్టల కుప్పలోంచి ఒక్కొక్కటీ తీసి, ఎవరివి వాళ్ళకి వరసగా తాడు మీద వేస్తున్నాడు. మధ్యలో ఒక క్లిప్పు ఖాళీగా ఉంచి, "ఇక్కడ ఆ గళ్ళ చొక్కా రావాలి, ఇంకా దొరకలా" అన్నాడు. మర్నాడు ఆ లాండ్రీలో రెండు డజన్ల క్లిప్పులు మాయమయ్యాయి.

అప్పటినుంచి తరగతిలో తాడు మీద పేరాకొక చీటీ. మొదట 'మాట', అంటే కథ గురించి నువ్వు ఏమంటున్నావు. తర్వాత 'సాక్ష్యం', కథలో అది ఎక్కడుంది. ఆపైన 'అయితే ఏంటట?' దీనికి జవాబు లేకపోతే తక్కినవి దండగ. చీటీలు అటూఇటూ మార్చి చూడాలి. "ఎక్కడ తగిలించినా సరిపోయే చీటీకి అసలు పని లేనట్టేరా, తీసి పారెయ్యండి" అనేది.

పొద్దున బయల్దేరుతుంటే భర్త ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, "పంతొమ్మిది మంది ఎత్తుకుపోయారంటే మాంచి వాక్యమే అయ్యుంటుందిలే" అన్నాడు.

"మీకు నవ్వులాటగా ఉందా?"

"ఏడిస్తే వదిలేస్తారేంటి? ముందు ఆ కాఫీ తాగు, చల్లారిపోతోంది."

తాగలేదు.

పది గంటలకి పరీక్ష మొదలైంది. టీచరు వెనక కుర్చీలో కూర్చోవచ్చు. మాట్లాడకూడదు, సైగ చెయ్యకూడదు. పరీక్షకురాలు సన్నటి మనిషి, చప్పుడు లేకుండా నడుస్తోంది. ఒక పేజీ కథ పంచింది. ఒకావిడ పొరుగింటి నిచ్చెన అడిగి తెచ్చుకుంటుంది. ఏళ్ళు గడిచినా తిరిగి ఇవ్వదు. ఎక్కదు. రోజూ తుడుస్తుంది. పొరుగాయనా అడగడు. అంతే కథ.

పదిహేను నిమిషాలకు అందరి పెన్నులూ కదులుతున్నాయి, ఒక్క 'నిదానం' పెన్ను తప్ప. ఏ పనైనా తాపీగా చేసే ఆ పిల్లని తరగతంతా అలాగే పిలుస్తారు. అరగంటైనా జవాబు కాగితం తెల్లగానే ఉంది. రాయవే తల్లీ, ఏదో ఒకటి రాయి, అని టీచరు లోపల్లోపలే బతిమాలుకుంటోంది.

పరీక్షకురాలు చటుక్కున ఆ బెంచీ దగ్గర ఆగింది.

"అట్ట కింద ఏంటది? చెయ్యి తియ్యి."

అట్ట కింద చీటీలు. మొత్తం ఏడు.

"చిట్టీలు తెచ్చావన్నమాట."

"తేలేదండీ. మీరిచ్చిన చిత్తు కాగితమే చింపుకున్నాను."

వెనక బెంచీ నుంచి, నోరు ఊరుకోదు గనక 'రేడియో' అనిపించుకున్నవాడు లేచాడు. "దండెం విప్పేశారు కదా మేడం, అందుకని..."

"నిన్నడిగానా? కూర్చో."

కూర్చున్నాడు. పెన్నులన్నీ ఆగిపోయాయి. పరీక్షకురాలు చీటీలు ఒక్కొక్కటే చదివింది. చదివి, పేకముక్కల్లా కలిపేసి బల్ల మీద పడేసింది.

"నీవే అయితే పేర్చు. నేను చూస్తాను."

నిదానం నిదానంగానే పేర్చింది. గోడ గడియారం చప్పుడు వినబడుతోంది. 'ఆవిడ నిచ్చెన ఇవ్వకపోవడం మతిమరుపు కాదు' అన్నది ముందు పెట్టింది. దాని పక్కన, 'వాన వస్తే ముందు నిచ్చెన లోపల పెట్టింది, తర్వాతే కిటికీలు మూసింది.' అలా పేర్చుకుంటూ పోయి, చివర్న, 'ఇచ్చేస్తే ఆ రెండిళ్ళ మధ్య ఇక ఏమీ మిగలదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.'

ఆరు చీటీలు. ఒకటి చేతిలో మిగిలింది.

"అదేంటి?"

"ఇది పారెయ్యాలండీ."

"చదువు."

పిల్ల చీటీ చూసి చదివింది. "ఈ కథలో పైకి కనిపించేది ఒకటి, అడుగున కదిలేది మరొకటి."

"ఎందుకు పారెయ్యాలి?"

"ముందు పెట్టినా, మధ్యలో పెట్టినా, చివర పెట్టినా సరిపోతోందండీ. ఏ కథకైనా సరిపోతుంది. అంటే దీనికి ఇక్కడ పనిలేనట్టే కదండీ."

"ఎవరు రాశారు దీన్ని?"

పిల్ల తల వంచుకుంది. రేడియో కూడా నోరు మెదపలేదు. చెప్పేస్తే ఈ గొడవలోంచి అందరూ బయటపడతారు, టీచరు తప్ప. అది తెలిసే పంతొమ్మిది మందీ బల్లల వంకే చూస్తున్నారు.

వెనక కుర్చీ కిర్రుమంది.

"నేనండీ" అంది టీచరు, నిలబడి. "ఏడేళ్ళ కింద రాసి తగిలించాను. తియ్యడం మర్చిపోయాను. వాళ్ళు ఒకళ్ళది ఒకళ్ళు చూసి రాయలేదు. నాది చూసి రాశారు."

"మాట్లాడకూడదని చెప్పాను."

"చెప్పారండీ."

పరీక్షకురాలు "కూర్చోండి" అంది. తర్వాత పిల్లలకేసి తిరిగి, "ఇంకా యాభై నిమిషాలుంది. రాయండి."

హెడ్మాస్టరు గదిలో కాగితాలు దిద్దడానికి రెండు గంటలు పట్టింది. బయట బెంచీ మీద టీచరు చీర చెంగు మెలిపెడుతూనే ఉంది. లోపలికి పిలిచేసరికి బల్ల మీద రెండు దొంతులున్నాయి, పోయిన నెలవీ, ఈవేళ్టివీ. పోయిన నెల కాగితాలన్నిటి మీదా మొదటి వాక్యానికి ఎర్రగీత ఉంది.

"ఈవేళ కూడా పదకొండు మంది దాంతోనే మొదలుపెట్టారు" అంది పరీక్షకురాలు. "గీత కొట్టి, రెండో వాక్యం నుంచి చదివాను. ఒకడు పొరుగాయన పిరికివాడన్నాడు. ఒకమ్మాయి నిచ్చెనకి తుప్పు పట్టకపోవడం పట్టుకుంది. ఎవరి మాట వాళ్ళదే. ఎవరి సాక్ష్యం వాళ్ళదే. ఫలితాలు వదిలేయమని రాస్తున్నాను. ఆ ఒక్క వాక్యానికి మాత్రం ఎవరికీ మార్కు లేదు."

"న్యాయమేనండీ" అంది టీచరు.

గదిలోకి వచ్చేసరికి రేడియో అప్పటికే బల్లెక్కి తాడు మేకుకి బిగిస్తున్నాడు. నిదానం ఆ మిగిలిన చీటీ తెచ్చి టీచరు చేతిలో పెట్టింది.

"ఏమే, ఇది అక్కర్లేదని నీకు ముందే తెలుసా?"

"ఎప్పట్నించో అనుకుంటున్నా టీచర్."

"మరి ఒక్కసారైనా నాతో అనొచ్చుగా?"

"మీరు తగిలించింది కదా" అంది పిల్ల, క్లిప్పులు ఏరుతూ. "తీస్తే తిడతారేమోనని."