నాన్నగారు పట్టుకున్న హంతకుడు

యాభైల చివరి సంవత్సరాలలో నేను నందిగామ హైస్కూలులో లెక్కలు చెప్పేవాణ్ణి. ఇంటివద్ద అపరాధ పరిశోధక నవలలు రాసేవాణ్ణి. అవి ఒక మాసపత్రికలో ధారావాహికలుగా వచ్చేవి. రెండు పనులకూ వేళలు వేరు, బల్లలు వేరు. ఒకదాని సిరా మరొకదానికి వాడలేదు.

తల్లిదండ్రులు జగ్గయ్యపేటలో ఉండేవారు. నాన్నగారు ఉద్యోగ విరమణ చేసిన సంస్కృత పండితులు. హత్యల కథలు ఇంటికి తగవని ఆయన అభిప్రాయం. అయినా అమ్మకు చూపు తగ్గినందున, ఆమె కోసమని చెప్పి, పత్రిక రాగానే తామే పైకి చదివి వినిపించేవారు. ఆదివారం నేను బస్సు దిగి ఇంట్లో అడుగుపెట్టేసరికి హంతకుడెవరో ఆయన తేల్చి ఉంచేవారు. ఒక్కసారీ తప్పలేదు.

"నీ కథలో అందరికంటే మర్యాదగా మాట్లాడేవాడెవడో, వాడే హంతకుడు. మర్యాదస్థులు నీకేం అపకారం చేశార్రా?" అనేవారు.

"ఊరుకోండి. వాడు రాయకపోతే మీకు పొద్దుపోతుందా?" అనేది అమ్మ.

ఆయన ఒక్కసారైనా పొరబడాలని నాకు పట్టుదల కలిగింది. అందుకే ఒక నవల కట్టాను. అందులో మిక్కిలి మర్యాద గల డాక్టరును పెట్టాను. హత్య చేసినది మాత్రం, పోలీసులకు కబురు పంపిన హతుడి తమ్ముడు. చివరి ప్రకరణం మిగిలి ఉండగా, ఒక ఆదివారం నాన్నగారు కళ్లజోడు తుడుచుకుంటూ, "డాక్టరే" అన్నారు.

"చూద్దాం లెండి" అన్నాను.

"చూసేదేముంది? వచ్చే నెల నువ్వే ఒప్పుకుంటావు."

ఆ వారంలోనే ఆయన నిద్రలో పోయారు. కబురందుకొని బస్సెక్కాను. చిల్లకల్లు వద్ద టికెట్టు చూపమంటే చూపాను. పాలేటి ఒడ్డున చేయవలసినవన్నీ వరుస తప్పకుండా చేశాను. దుఃఖం ఎక్కడో ఉండి ఉండాలి; నాకు తగలలేదు.

మా ఇంట మైల రోజులలో పుస్తకమూ కలమూ ముట్టరు. చివరి ప్రకరణం పంపమనీ, వీలుకాకపోతే తామే పూర్తి చేయిస్తామనీ సంపాదకుడు ఉత్తరం రాశాడు. మైల లేని మేనమామ దానిని చదివి వినిపించారు.

"నువ్వు చెబుతూ ఉండు, నేను రాసిపెడతా" అన్నారు.

"ఈ మైల రోజుల్లో హత్య సంగతి నోట పలకడం సబబు కాదండీ."

"అయితే వాళ్లనే కానివ్వమని రాస్తున్నా."

సరేనన్నాను. అప్పుడది పెద్ద విషయంగా తోచలేదు.

మైల తీరాక పత్రిక వచ్చింది. అమ్మ పీట వాల్చుకొని కూర్చుని, "చదువు" అంది. చదివాను. నా బదులు ఎవరో రాసిన ఆ ప్రకరణంలో పోలీసులు నేరుగా వెళ్లి డాక్టరు చేతులకు బేడీలు వేశారు. తమ్ముడి మీద నేను పేర్చుకొచ్చిన ఆధారాలు వేటికీ జవాబు లేదు. ఆగకుండా చివరిదాకా చదివాను.

"ఆయన చెప్పనే చెప్పారు" అంది అమ్మ. "నువ్వేమో చూద్దాం లెండి అన్నావు."

"అవునమ్మా."

ఆ నవల పుస్తకంగా వెలువడే సమయంలో, కావాలంటే నా ముగింపు పంపవచ్చునని సంపాదకుడు రాశాడు. ఉన్నదే ఉంచమన్నాను. ముందు ప్రకరణాలు మాత్రం తెప్పించుకొని, తమ్ముడి మీద ఉన్న ఆధారాలను ఒక్కొక్కటే కొట్టివేసి డాక్టరు మీదికి మార్చాను. ఇప్పుడు ఎవరు సరిచూసుకున్నా డాక్టరే వస్తాడు.