జేబులో ఉండిపోయిన చీటీ

పోయిన నెల తాండూరులో మా మరదలు చనిపోయింది. కబురు తెచ్చిన మనిషి "ఇగ ఆమె బాధ తీరింది సార్" అన్నాడు. ఆమెది తీరిందేమో. పన్నెండేళ్ల కిందట తాండూరు స్టేషన్‌లో ఆమెకు నేనొక మాట ఇచ్చాను. "డాక్టరు అడిగితే నేను చెప్త, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాను. చెప్పలేదు. ఆమె గురించి ఏం రాయాలన్నా అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఆమె నా భార్యకు చెల్లెలు. వాళ్ల అమ్మ, మా అత్తగారు, 1969లో వికారాబాద్‌లో పోయారు. రొమ్ములో గడ్డ లేచి పుండైంది. చివరి రోజుల్లో కూతుళ్లిద్దరూ గుడ్డలు మార్చలేక ఏడ్చేవారు. ఊరికి మాత్రం కామెర్లని చెప్పారు. మా వైపు పిల్లను అడగడానికి వచ్చినవాళ్లు మొదట అడిగేది, పిల్ల తల్లి దేనితో పోయిందని. అందుకే పెళ్లికి ఆడపిల్ల ఉన్న ఇంట్లో చనిపోయినవాళ్ల జబ్బు పేరు మార్చి చెప్పడం అబద్ధం కింద లెక్క కాదు, మర్యాద. పేరు మార్చింది ఆ అక్కచెల్లెళ్ల నడుమ పుట్టినవాడు, మా బావమరిది. ఆ కామెర్ల మీదే మా మరదలి పెళ్లి జరిగింది. ఆరేళ్లకు నా భార్య కూడా అదే గడ్డతో పోయింది. ఈసారి గుండె ఆగిపోయిందని చెప్పాడు. నేను కాదనలేదు.

మరదలి భర్త నాపరాళ్లు కోసే మిషన్ మీద పనిచేసేవాడు. ఆ తెల్లటి దుమ్ము ఇంటినిండా ఉండేది. ఆమె గ్లాసులో నీళ్లు పోసే ముందు కొంగుతో ఒకసారి తుడిచేది. తాగేవాళ్ల చేతికి ఇచ్చే ముందు అంచును మళ్లీ తుడిచేది. నేను రైల్వే గూడ్స్ ఆఫీసు నుంచి వస్తూ, చేతిలో ఏదో ఒక పుస్తకంతో వాళ్ల గడప మీద కూర్చునేవాణ్ని.

"బావా, అండ్ల నా గురించి ఏమన్న రాసిండ్రా?" అని ప్రతిసారీ అడిగేది.

"నీ గురించి రాయాలంటే ఇంకో పుస్తకం కావాలె" అనేవాణ్ని.

ఒకరోజు ఇంగ్లీషు వైద్య పుస్తకంలో చదివింది చెప్పాను. తల్లికీ, తోబుట్టువుకీ ఈ గడ్డ వస్తే మిగిలిన ఆడవాళ్లకు కూడా వచ్చే ప్రమాదం ఎక్కువనీ, ఏమీ కనిపించకముందే వాళ్లను డాక్టరుకు చూపిస్తూ ఉండాలనీ. తుడుస్తున్న గ్లాసు కింద పెట్టింది.

"అయితే అండ్ల నా గురించి రాసిండ్రు" అంది.

ఆ రోజు నుంచి ఆమెకు నిద్ర లేదు. స్నానానికి పోతే చెయ్యి గడ్డ కోసమే వెతుకుతున్నదని చెప్పేది. ఏడాది పాటు నన్ను వెంటబెట్టుకొని తిరిగింది. తాండూరులో సూదులు వేసే డాక్టరు ఎక్కడ నొప్పి అని అడిగాడు. నొప్పి లేదంది. గడ్డ ఉందా అన్నాడు. లేదంది. "మరెందుకొచ్చినవమ్మా, ముచ్చట పెట్టనీకా?" అన్నాడు. బెంచీ మీద ఉన్నవాళ్లంతా నవ్వారు. పరిగిలో ఒకాయన టానిక్ రాశాడు. ఇంకొకాయన రెండో కాన్పు అయితే అన్నీ సర్దుకుంటాయన్నాడు.

"జబ్బు తెచ్చుకొని రమ్మంటున్నరు బావా. యాడ దొరుకుతదో అది చెప్తలేరు" అంది మెట్లు దిగుతూ. నవ్వుతూనే అంది.

చివరికి వికారాబాద్‌లో ఒక లేడీ డాక్టర్ తలుపు వేసి అంతా వింది. "ఇది నా చేతుల్లో లేదమ్మా. హైదరాబాద్‌లో ఈ జబ్బు ఒక్కటే చూసే పెద్ద డాక్టరున్నాడు. నీకేమీ లేకపోయినా ఆరు నెలలకొకసారి చూస్తాడు. కానీ మీ ఇంట్లో ఎవరెవరు దీంతో పోయారో దాచకుండా చెప్పాలి. చెప్పకపోతే నువ్వు కూడా అందరిలాంటిదానివే, పంపించేస్తారు" అంది. ఒక చీటీ మీద ఆ డాక్టరు పేరు రాసిచ్చింది. మరదలు దాని వెనక పెన్సిలుతో రెండు వరుసలు రాసుకుంది.

"అమ్మకు ఉండె. అక్కకు ఉండె."

హైదరాబాద్‌కు మా బావమరిది కూడా వస్తానన్నాడు. అప్పుడే అతని కూతురికి సంబంధం కుదిరింది. వరుని బాబాయిది ఆ దవాఖానలోనే పని. తొందరగా లోపలికి పంపిస్తాడని సాకు. మా నోళ్లకు కాపలా కాయడానికి వస్తున్నాడని నాకు తెలుసు. స్టేషన్‌లో అతను అటు తిరగగానే మరదలు చీటీ నా చేతిలో పెట్టింది.

"అన్న ముందర గా మాట అననీకి నాకు నోరు లేవదు బావా. నువ్వే ఇయ్యి." మాట ఇచ్చి, చీటీ జేబులో పెట్టుకున్నాను.

వరుని బాబాయి మమ్మల్ని లోపలికి తెచ్చి, అక్కడే తలుపు పట్టుకొని నిలబడ్డాడు. డాక్టరు అడిగాడు, "మీ ఇంట్లో ఎవరికైనా వచ్చిందా?"

"లేదు సార్. మా ఇంట్ల అందరు మంచిగనే ఉండిండ్రు" అన్నాడు బావమరిది.

ఆమె నావైపు చూసింది. నా చెయ్యి జేబు దాకా పోయింది. తలుపు దగ్గరి మనిషిని చూశాను. చెడిపోబోయే పెళ్లి కనిపించింది. తరువాత ఒక్కణ్నే వచ్చి చెబుదామనుకున్నాను. మూడు భాషలు చదివినవాడి తెలివి అంతే. డాక్టరు పరీక్ష చేసి, "ఉట్టి భయం. ఏమన్నా చేతికి తగిలితే అప్పుడు రా" అని చేతులు కడుక్కున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో చీటీ తీసి ఇవ్వబోయాను. "నీ దగ్గర్నే ఉండనియ్యి. నాకు యాదికున్నది" అంది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ పెళ్లి అయ్యాక మళ్లీ పోదామన్నాను. "ఇంకోపారి 'లేదు' అనిపించుకొనేతందుకా?" అంది. నేను గట్టిగా బలవంతం చేయలేదు. మరునాడు ఇంటికి వెళితే నా గ్లాసు ఎప్పటిలాగే రెండుసార్లు తుడిచి ఇచ్చింది.

పదేళ్లకు గడ్డ చేతికి తగిలింది. చంకలోకి పాకిన తరువాత. అదే డాక్టరు అదే ప్రశ్న అడిగాడు. ఈసారి అన్న పక్కనే ఉన్నా ఆమే చెప్పింది, ఇద్దరి సంగతీ. ఆయన పాత కాగితాలు వెతికి చూసి, "అప్పుడు..." అని ఆగిపోయాడు. తరువాత రెండేళ్లు బతికింది. ఆ రెండేళ్ల గురించి రాయలేను.

పదో రోజు వచ్చినవాళ్లకు బావమరిది కడుపునొప్పి అని చెబుతున్నాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"బావా, పేపర్ల ఏమన్న రాస్తే గా ముచ్చట రాయకు. పిల్లకు సంబంధం చూడాలె."

ఆ పిల్ల, మా మరదలి కూతురు, పద్దెనిమిదేళ్లది, గుమ్మంలో నిలబడి వింటోంది. మరుసటి వారం నేను ఆమెను హైదరాబాద్ తీసుకుపోయాను. ఆ గదిలో ఇప్పుడు ఇంకో డాక్టరు. అదే ప్రశ్న. నేను చీటీ తీశాను. పిల్ల దాన్ని నా చేతిలోంచి తీసుకొని, బల్ల మీది పెన్నుతో కింద మూడో వరుస రాసింది. "మా అమ్మకు ఉండె." డాక్టరు చదివి, ఆమె పేరున కొత్త కాగితం తీసి, ఏమీ లేకపోయినా ఏటా రావాలన్నాడు.

బయట అడిగింది. "పెద్దనాయినా, అమ్మ వచ్చిన దినం ఈ చీటి ఎవరి దగ్గరుండె?"

"నా జేబుల."

పిల్ల చీటీ మడిచి తన సంచిలో పెట్టుకుంది. నల్లా దగ్గర గ్లాసు కడిగి, చున్నీతో తుడిచి నీళ్లు పట్టింది. నా చేతికిచ్చే ముందు అంచు మళ్లీ తుడిచింది.

నా తప్పు నాది, ఇంకెవరి మీదా వేయను. కానీ మూడు చావులకు మూడు దొంగపేర్లు పెట్టి, ఇప్పుడు ఈ పిల్ల నోరు కూడా మూయమంటున్న మనిషిని నేను క్షమించలేదు. అతను మా బావమరిది.