పద్మ సైజు

మొన్న సోమవారం పొద్దున్న ఒక ఆసుపత్రిలో రెండు గంటలపాటు ఓపీ చీటీలు ఆగిపోయాయి. ఆపిన మహాతల్లి ఎవరో కాదు, ఇప్పుడు మీ ఎదురుగా కూర్చుని మీ టీ తాగుతున్న నేనే! నవ్వకండి బాబూ, ముందు వినండి.

మా కంపెనీ మాదాపూర్‌లో అని తెలుసుగా. కిటికీలోంచి చూస్తే ఒకవైపు ఆ కొత్త గుండ్రటి బిల్డింగు, మిగతా మూడువైపులా రాళ్ళగుట్టలు. ఆఫీసులో సగంమంది వైటూకే, అదే, రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తప్పకుండా చూసే పనిలో మునిగిపోయి ఉంటే, నాకేమో కొండాపూర్ దాటాక ఉన్న ఒక ఆసుపత్రి డేటాబేస్ అప్పజెప్పారు. పేషెంట్ల పేర్లు, అడ్రసులు, ఏ డాక్టరు, ఏ జబ్బు, అన్నీ అందులోనే, టేబుళ్ళు అనే పట్టికల్లో. కంప్యూటర్ వాళ్ళ దగ్గరే ఉంటుంది, నేను ప్రతి సోమవారం మధ్యాహ్నం వెళ్ళి చూసి రావాలి.

మా యాదగిరి సార్ మెదక్ వైపు మనిషి. మొదటిరోజే చెప్పారు. "చూడు పద్మా, డిస్కు చిన్నది. ఏ టేబుల్ ఎంత జాగా తింటుందో వారం వారం చూస్తుండాలె. సాఫ్ట్‌వేర్ తోటే రిపోర్టు వస్తది. కుడి బటన్ నొక్కు, రిపోర్టు అను, అన్ని టేబుళ్ళు పెద్దది మీద, చిన్నది కింద వరసగ వస్తయి. గంతే!"

అంతేనా? కాకినాడలో ఎమ్సీయే ఫస్టు క్లాసులో పాసై వచ్చింది కుడి బటన్ నొక్కడానికా? దాంట్లో నా గొప్పేముంది, చెప్పండి! నేనే సొంతంగా ప్రోగ్రాం రాశాను. గంటగంటకీ లేచి, ఒక్కో టేబుల్ ఎంత ఉందో కొలిచి, ఆ కొలతలన్నీ ఒక కొత్త టేబుల్లో రాసుకుంటుంది. ఆ కొత్త టేబుల్‌కి ముద్దుగా "పద్మ సైజు" అని పేరు కూడా పెట్టాను. కొలవాల్సిన టేబుళ్ళ పేర్లు, నూట ఇరవై, నా చేత్తో టైపు చేశాను. ముందుముందు ఏమైనా రాయాల్సి వస్తుందేమోనని ప్రతి లైన్లో రిమార్కుల కోసం పెద్ద ఖాళీ గడి కూడా వదిలాను. ఎంత ముందుచూపో!

రెండో సోమవారం చూద్దును కదా, డిస్కులో ఖాళీ తగ్గింది. నా ప్రోగ్రాం ఏమో టేబుళ్ళన్నీ మామూలుగానే ఉన్నాయంటోంది. వింతగా ఉందే, ఇంకా దగ్గరగా కనిపెట్టాలి అనుకుని గంటకోసారి కాదు, పది నిమిషాలకోసారి కొలవమన్నాను. మూడో సోమవారానికి ఖాళీ ఇంకా తగ్గింది. అమ్మో, ఇదేదో సీరియస్సే! ఇంక లాభం లేదని నిమిషానికోసారి కొలవమన్నాను.

మీలో తెలివైనవాళ్ళకి ఇప్పటికే అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు.

నా లిస్టులో అన్నిటికన్నా పెద్దది పేషెంట్ల టేబుల్. ఇంకేముంది, దొంగ దొరికేశాడు! తిన్నగా కౌంటర్లో ఉండే సుల్తానా మేడమ్ దగ్గరికి వెళ్ళాను. పన్నెండేళ్ళుగా అక్కడే చీటీలు రాస్తోంది ఆవిడ. చేత్తో రాసే రోజుల నుంచీ.

"మేడమ్, మీరు అడ్రసులు మరీ పొడుగ్గా కొడుతున్నారండి. డిస్కు నిండిపోతోంది."

"అడ్రస్ గట్లనే ఉంటది కదమ్మా. మస్జిద్ ఎన్క, ఇరానీ హోటల్ సందుల అని రాయకుంటే మనిషి దొరుకుతడా?"

"తగ్గించండి మేడమ్. పేర్లు కూడా పొట్టిగా రాయండి. ఒక్కో అక్షరం జాగా తింటుంది తెలుసా!" అని పెద్ద లెక్చరిచ్చాను. ఆవిడ నావైపు ఒక చూపు చూసి, "సరే, చదువుకున్నదానివి, నువ్వు చెప్తే గట్లనే" అంది.

ఆ వారం ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. వెంకటేశ్వర్లు, వెంకటయ్య, వెంకట్రెడ్డి, వెంకటలక్ష్మి, అందరూ కంప్యూటర్లో "వెంక" అయిపోయారు. నర్సు బయటికొచ్చి "వెంక!" అని పిలిస్తే ఆరుగురు లేచారట. పన్ను పీకించుకోవడానికి వచ్చినాయన కళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చున్నాడట. "ఏది కనబడుతోంది?" అని డాక్టరు అడిగితే ఆయన పాపం నోరు తెరిచాడట!

ఇంక మొన్న సోమవారం. పది కాకముందే ఆఫీసుకి సుల్తానా మేడమ్ ఫోను.

"పద్మమ్మా, జల్ది రా. కంప్యూటర్ చీటీ ఇస్తలేదు. జాగ లేదంటుంది. హాలంత పబ్లిక్ నిండిన్రు."

యాదగిరి సార్‌కి చెబితే ఆయన వెంటనే చెప్పులేసుకున్నారు. అది చూసి ఇంకా భయం వేసింది. ఆటోలో దారంతా నేను ప్రింటు తీసి పెట్టుకున్న నా కొలతల గ్రాఫులు ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాను, హాల్ టికెట్‌లాగా.

లోపల కాలు పెట్టడానికి చోటు లేదు. కర్ర పట్టుకున్న ముసలాళ్ళు, ఏడ్చే పిల్లలు. జ్వరంతో కాలిపోతున్న ఒక చంటిపాపని మాత్రం సుల్తానా మేడమ్ చీటీ గీటీ లేకుండానే డాక్టరు దగ్గరికి పంపేసిందట. అది విని చేతిలో ఉన్న కాగితాల వంక చూసుకున్నాను. నా గ్రాఫుల్లో ఆ పాప లేదు కదా.

"సార్, ఇదిగో నా రిపోర్టు. పేషెంట్ల టేబులే..." అని మొదలెట్టాను.

"గది కాదమ్మా. సాఫ్ట్‌వేర్ తోటి వచ్చే రిపోర్టు తియ్యి."

కుడి బటన్ నొక్కాను. రిపోర్టు అన్నాను. లిస్టు వచ్చింది, పెద్దది మీద, చిన్నది కింద. మా వెనక నుంచి తొంగిచూసిన సుల్తానా మేడమ్ మొదటి లైను గట్టిగా చదివింది.

"పద్మ... సైజు... పన్నెండొందల ఎంబీ! యా అల్లా, గింత సైజా?"

హాల్లో ముందు వరసవాళ్ళు నన్ను పైనుంచి కిందికి చూశారు.

రెండో లైన్లో ఉంది పేషెంట్ల టేబుల్. ఇన్నేళ్ళ పేషెంట్లు, వాళ్ళ అడ్రసులు, మస్జిద్ ఎన్క సందులతో సహా, అన్నీ కలిపి రెండొందల ఎంబీ. నేను కొలిచేవాటి లిస్టు రాసినప్పుడు పద్మ సైజు ఇంకా పుట్టనే లేదు. అందుకే అది అందరినీ కొలిచింది, తనని తాను ఒక్కసారీ కొలుచుకోలేదు. ఒక్క అక్షరం రాయని ఆ రిమార్కుల గడులు కూడా నిండా జాగా మేశాయి, ఎంత లావైపోతున్నా నా కంట పడలేదు. పైగా ఖాళీ తగ్గుతున్న కొద్దీ ఇంకా తొందరగా తినమని నేనే వడ్డించాను!

"సార్, తీసేస్తాను. కానీ ఇన్నాళ్ళ కొలతలు... ఒక్క బ్యాకప్ తీసుకుని..."

"బ్యాకప్ ఏడ పెడ్తవ్ బిడ్డా?" అన్నారు సార్, చాలా శాంతంగా.

ముందు ప్రోగ్రాం ఆపాను. తర్వాత టేబుల్ తీసేశాను. మూడు వారాలు మేసింది మూడు క్షణాల్లో పోయింది. ప్రింటర్ గరగరమంది, మొదటి చీటీ బయటికొచ్చింది, హాల్లో ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. సార్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఈ పొట్టి పేర్లన్ని పూర పేర్లు చెయ్యాలె. ఇంక నువ్వు ఈడనే కూసో" అని ఒక్కరే ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం ఆ కౌంటర్లోనే నా డ్యూటీ. పాత రిజిస్టర్లు చూసి ఒక్కో "వెంక"కీ పేరు తిరిగిస్తున్నాను. వచ్చినవాళ్ళని నేరుగా అడిగి రాసుకుంటున్నాను. నిన్న ఒక పెద్దాయన వచ్చాడు.

"పేరు చెప్పండి తాతా, పూర్తిగా."

"ఎంకటయ్య. నానక్‌రామ్‌గూడ. ఊర్లకి పోయినంక మట్టిబాట వస్తది, ఎడమకి తిరిగితె మూడో ఇల్లు. ఇంటి ముంగట బర్రె కట్టేసి ఉంటది."

నేను టక టక కొడుతూనే ఉన్నాను. సుల్తానా మేడమ్ భుజం మీంచి చూసి, "బర్రె గూడ రాస్తున్నవా పద్మమ్మా?" అంది.

"రాయనివ్వండి మేడమ్" అన్నాను, "నేను మేసినదాంట్లో ఆ బర్రె ఎంత!"