తేనెపట్టు తీసేసిన సైలెన్సర్

నా బండి సైలెన్సర్ అడుగున తుప్పు పట్టి చిల్లు పడింది. కంపెనీదే మళ్ళీ వేయించుకోవచ్చు. నేను వద్దనుకుని ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. ఆయన చీరల కొట్టువాడిలా నాలుగైదు రకాలు నా ముందు పరిచి, ఒక్కొక్కటే బండికి తగిలించి వినిపించాడు. పొట్టిది మరీ అరుస్తోంది. పొడుగుది గొంతు పట్టేసినట్టుంది. మధ్యరకం ఒకటి పర్లేదనిపించింది.

"ఇంకాస్త గంభీరంగా కావాలంటే, ఇంజను దగ్గరి గొట్టంలో తేనెపట్టు ఉంటుంది, అదీ తీసేద్దాం మాస్టారూ," అన్నాడు.

క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ఆయన పెట్టుకున్న పేరది. లోపల సన్నసన్నటి గదులుంటాయి, పొగలోని విషాన్ని విరిచేస్తాయి. నేను ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతాను. ఉత్ప్రేరకాల పాఠం ఏటా చెప్పేదే. అది తీసెయ్యడం తప్పనీ, చట్టం ఒప్పుకోదనీ నాకు తెలిసినంతగా ఆ షెడ్డులో ఎవరికీ తెలీదు. అయినా సరే, తీసెయ్యండి అన్నాను.

యాభై దాటినవాడికి ఇదేం సరదా అని మీరు నవ్వొచ్చు. నేను పైవాటాలో ఒక్కణ్ణే ఉంటాను. కిందివాటాలో తమ్ముడూ మరదలూ ఉంటారు. తమ్ముడికీ నాకూ మూడేళ్ళుగా మాటల్లేవు. అమ్మ పోయిన రోజు నేను క్లాసులో ఉన్నాను. మా కాలేజీలో ఫోన్లు స్టాఫ్ రూములో వదిలి వెళ్ళాలి. వాడు ఎన్నిసార్లు చేశాడో, నేను చూసుకునేసరికి అంతా అయిపోయింది. "నీకు పాఠమే ముఖ్యం," అన్నాడు వాడు, అందరి ముందూ. నేను ఊరుకోవచ్చుగా! "అమ్మని నువ్వు చూసుకున్న తీరు నాకు తెలీదా," అన్నాను. పచ్చి అబద్ధం. వాడు చూసుకున్నట్టు ఎవరూ చూసుకోరు. అబద్ధమని తెలిసే అన్నాను కాబట్టి, ఆ మాట వెనక్కి తీసుకోవడం ఇప్పటిదాకా చేతకాలేదు.

అప్పట్నుంచీ నా వాటాలో చప్పుడంటే కుక్కరు విజిలూ ఫ్యానూ, అంతే. కొన్ని ఆదివారాలు నోరు విప్పకుండానే గడిచిపోయేవి. సోమవారం పొద్దున్నే క్లాసులో మొదటి మాట బొంగురుగా వచ్చేది. బండైనా కాస్త గట్టిగా మోగితే నేను వచ్చానని ఎవరికో ఒకరికి తెలుస్తుందనిపించింది.

మా గేటు బరువైన ఇనప గేటు. దాని ముందే ఏటవాలు. గేటు మూసి ఉంటే బండిని ఆ వాలులో ఒంటికాలి మీద ఆపుకుని గడియ తియ్యాలి. ఈ మూడేళ్ళూ నాకా తిప్పలు లేవు. సాయంత్రం నేను వచ్చేసరికి గేటు బార్లా తెరిచే ఉండేది. వీడికి గేటు వేసుకోవడం కూడా రాదని విసుక్కుంటూ, వాడికి వినపడాలనే ఢామ్మని వేసి పైకి వెళ్ళేవాణ్ణి. ఒక్కరోజు కూడా మానలేదు.

కొత్త సైలెన్సర్‌తో వచ్చిన సాయంత్రం గేటు మూసి ఉంది. మర్నాడూ అంతే. ఆ మోతకి ఒళ్ళు మండి కావాలనే మూశాడనుకున్నాను. మండితే మండనీ అని వారం రోజులు ఆ వాలులో కుస్తీ పట్టాను.

ఆదివారం మరదలు డాబా మీద బట్టలారేస్తూ, "బండి మార్చారా బావగారూ?" అంది. ఆవిడ అవసరానికి నాతో మాట్లాడుతూనే ఉంటుంది.

"బండి అదేనమ్మా. సైలెన్సర్ మార్చాను. ఏం?"

"ఏం లేదండీ. ఈయనకి తెలియట్లేదు. కాలవ వంతెన దగ్గర మీ బండి మలుపు తిరగ్గానే లేచి వెళ్ళి గేటు తీసేవారు. మీరొచ్చేలోగా లోపలికొచ్చి కూర్చునేవారు. ఇప్పుడేమో మన వీధి హాస్టల్ పిల్లల బళ్ళూ మీదీ ఒకేలా మోగుతున్నాయి. నిన్న నాలుగుసార్లు వెళ్ళి తీశారండీ. నాలుగుసార్లూ మీరు కాదు."

చచ్చేంత సిగ్గేసింది.

సోమవారం క్లాసయ్యాక నేరుగా ఆటోనగర్‌కే వెళ్ళి పాతవి ఉన్నాయా అని అడిగాను. "ఇంకెక్కడివండీ? తేనెపట్టులో ఖరీదైన లోహాలుంటాయిగా, పాతసామాన్లవాళ్ళు ఆ రోజే పట్టుకుపోయారు," అన్నాడు మెకానిక్. గొట్టం, తేనెపట్టు, సైలెన్సర్, అన్నీ కంపెనీవే మళ్ళీ వేయించాను. స్టార్ట్ చేసి చూశాను. మెత్తగానే ఉంది, కానీ నా బండిలా లేదు. "కొత్తదానికి పాత గొంతు ఎలా వస్తుంది మాస్టారూ?" అన్నాడాయన.

పొద్దు వాలుతుండగా ఇంటికొచ్చాను. గేటు మూసి ఉంది. గడియ మీద చెయ్యి వేసి, తియ్యకుండానే వెనక్కి తీసుకున్నాను. హారన్ కొడదామా అనుకున్నాను. హారన్ ఎవరైనా కొడతారు.

"ఒరేయ్," అన్నాను. లోపలి టీవీ మోతలో కలిసిపోయింది. మళ్ళీ అన్నాను. "ఒరేయ్, నేనేరా. గేటు తియ్యి."

లోపల టీవీ ఆగింది. వాడు వచ్చి గేటు తీశాడు. నా మొహం చూడలేదు, సైలెన్సర్ వంక చూశాడు.

"చప్పుడు మారింది," అన్నాడు.

"మారిందిరా. ఇక ఇదే."

"నాలుగు రోజులు వింటే తెలుస్తుందిలే."

బండి లోపల పెట్టాను. మూడేళ్ళ కిందటి ఆ మాట గురించి చెప్పాలనుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో తోచక, అలవాటుగా గేటు వెయ్యబోయాను.

"నేనేస్తాలే," అన్నాడు వాడు. "నువ్వేస్తే గోడ అదిరి అమ్మ ఫొటో పడిపోతోంది."

మెట్లెక్కుతూ చెవి అటే పెట్టాను. గేటు వేసిన చప్పుడే వినపడలేదు.