రొయ్యల గుంట గట్టు మీద అసర్ వేళ

మొన్న మా మనవరాలు ఫోను తెచ్చి, గూడూరు చుట్టుపక్కల మనంతట మనమే తిరిగి చూడదగ్గ దారులంటూ ఎవరో గుర్తులు పెట్టిన పటం చూపించింది. చిల్లకూరు దాటాక ఆ నీలి గీత సముద్రం వైపు వంగిన చోట నా వేలు ఆగిపోయింది. కళ్లజోడు లేదని అబద్ధమాడి ఫోను తిరిగి ఇచ్చేశాను.

నా ఈడు వాళ్లకు అద్దె సైకిళ్ల రోజులు గుర్తుండే ఉంటాయి. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు, బట్టల కొట్టులో గుమాస్తాను. మా అన్న బజారులో చిన్న అద్దాల పెట్టె పెట్టుకుని వాచీలు బాగుచేసేవాడు. ఆదివారం వస్తే ఇద్దరం చెరో సైకిలు తీసుకుని, పోయిన దారిన మళ్లీ పోకూడదనీ, దారి తప్పేదాకా ఎవర్నీ అడగకూడదనీ మాకు మేమే పెట్టుకున్న నియమంతో బయలుదేరేవాళ్లం. ఇంటికి వచ్చాక అన్న పాత క్యాలెండరు కాగితం వెనక సన్న పెన్సిలుతో ఆ దారంతా గీసేవాడు, నన్ను కుక్క తరిమిన మలుపుతో సహా. కాలికి బలపం కట్టుకోని తిరగతా ఉండారని మా అమ్మ విసుక్కునేది.

అవి మా వైపు అందరికీ రొయ్యల పిచ్చి పట్టిన రోజులు. వరి చేలు తవ్వి గుంటలు చేశారు, గుంటలతోపాటు కక్షలూ పెరిగాయి. ఒకడి మీద కోపం వస్తే వాడి గుంటలో పురుగుల మందు పోయడమే. ఒక ఆదివారం మేము చిల్లకూరు దాటి వెళ్లిన ఊళ్లో అంతకు వారం ముందే ఎవరో ఒక గుంటలో మందు కలిపితే రొయ్యలన్నీ తెల్లగా పైకి తేలాయట. ఆ సంగతి మాకు తెలియదు.

ఆ ఊరి గుంటల దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం చేసే అసర్ నమాజుకు వేళయింది. అన్న మా నీళ్ల డబ్బాలోంచి కాసిని వంచుకుని, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వుజూ చేసి, మిగతావి నన్ను వాడుకోమని చెప్పి, గట్టు మీద తువ్వాలు పరుస్తున్నాడు. తాగే నీళ్లు కాళ్లు కడగడానికా అనుకున్నాను నేను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. డబ్బా చేత్తో పట్టుకునే గుంటలోకి దిగి, పక్కన పెట్టి, చేతులూ మొహమూ కాళ్లూ కడుక్కుని పైకి వచ్చాను.

కాపలా మనుషులకు దూరం నుంచి కనిపించింది ఒక్కటే, తెల్ల చొక్కా వేసుకున్నవాడెవడో డబ్బాతో నీళ్ల మీదికి వంగడం. తెల్ల చొక్కాలు ఇద్దరివీ, తడి చేతులూ ఇద్దరివీ. నలుగురు సరుగుడు కర్రలతో పరుగున వచ్చి ఏమీ అడగకుండానే కొట్టారు. మొదటి దెబ్బకే బోర్లా పడ్డాను. నోట్లోకి ఉప్పు బురదా, దాంతోపాటు నా పన్నూ వచ్చాయి. పక్కటెముకల మీద తన్నుతుంటే ఊపిరి ఆడలేదు. ఒకడు నా మెడ మీద కాలు పెట్టి అడిగాడు.

"నీళ్లలోకి దిగింది ఎవుడ్రా? చెప్పకపోతే ఇద్దర్నీ ఈ గుంటలోనే తొక్కేస్తాం."

భయంతో కళ్లు మూసుకున్నాను.

"నేనే దిగినానన్నా. మందు కాదు, నమాజుకు కడుక్కున్నా. వాణ్ణి వదిలెయ్యండి," అన్నాడు మా అన్న.

ఇద్దరు అన్నను ఈడ్చుకుపోయి, కుడి చెయ్యి గుంటకు నీళ్లు తోడే ఇంజిను దిమ్మ మీద పెట్టి అదిమి పట్టారు. మూడోవాడు కర్ర తిరగేసి కొట్టాడు. ఎండుపుల్లలు విరిచినట్టు చప్పుడైంది. కొడుతూనే ఉన్నాడు. అన్న అరుపు ఆగిపోయాక కూడా రెండు దెబ్బలు వేశాడు.

కాసేపటికి తేరుకుని, అన్న ఎడమ చేత్తో డబ్బా ఎత్తి, మిగిలిన నీళ్లు వాళ్ల ముందే గటగటా తాగాడు. వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్లలో పెద్దవాడు తన కండువా చింపి ఆ చేతికి కట్టు కడుతూ, "ముందే చెప్పాల గదా," అని మామీదే విసుక్కున్నాడు. మమ్మల్ని ట్రాక్టరు ఎక్కించి చిల్లకూరు రోడ్డు మీద దించిపోయారు.

ఎముకలు వంకరగా అతుక్కున్నాయి. పట్టకారు ఆ వేళ్లలో నిలిచేది కాదు. అన్న అద్దాల పెట్టె అమ్మేసి టీ కొట్టు పెట్టుకున్నాడు. తర్వాత మేమెప్పుడూ సైకిళ్లు తీయలేదు. అన్నానికి కూర్చున్నప్పుడల్లా ఆ వేళ్ల సందుల్లోంచి మెతుకులు జారిపోతుంటే మా అమ్మ చూడలేక, "అంత బుద్ధి లేకుండా ఆ గుంటలోకి ఎట్ట దిగినావురా," అని తిట్టేది. "తప్పయిపోయిందిమా," అని నవ్వేవాడు అన్న. అప్పుడు ఒక్కసారి కూడా నా వైపు చూసేవాడు కాదు. చూసి ఉంటే చెప్పేసేవాడినేమోనని ఇన్నాళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అదీ అబద్ధమే.

ఇప్పుడు ఆ గుంటలకు చుట్టూ వలలు, కెమెరాలు వచ్చాయి. కొన్ని ఎండి ఉప్పు తేలి పడి ఉన్నాయి. దారి తప్పడానికి బయలుదేరేవాళ్లు ఎవరూ లేరు. అమ్మ పోయి చాలా ఏళ్లయింది, అన్న నిరుడు రంజానుకు ముందు పోయాడు. నీళ్లలోకి దిగింది నేను. ఇంత చిన్న మాట ఇవాళ ఇంత సులువుగా వస్తోంది. తను తిట్టాల్సిన కొడుకు పక్క కంచం ముందు తల వంచుకుని అన్నం తింటున్నాడని తెలియకుండానే మా అమ్మ వెళ్లిపోయింది.